బుర్రావారి అప్రమత్తం

నూకరత్నం ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనని సంగతి ఒకటుంది. అప్రమత్తం అంటే ఏమిటో ఆమెకి తెలీదు.

తెలీకపోతే కొంపేం మునిగింది అంటారా? మునిగింది. ఆ మునగడమే ఈ కథ.

ఆ మాటకొస్తే ఊళ్ళో చాలామందికి తెలీదు. కానీ వాళ్ళెవరూ బుర్రావారు కారు. నూకరత్నం బుర్రావారి పిల్ల. వాళ్ళ నాన్న బుర్రా అబ్బులు మొగలిపాలెం రేవులో నిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు: “అందరికీ బుర్ర మెడ మీద ఉంటదండి, ఆయ్. మాకు పేరుకి ముందే ఉంటది.”

ఆ బుర్రతోనే ఊరంతటికీ పల్లంలో, ఉప్పుకాలవని ఆనుకుని ఇల్లు కట్టాడు. ఇదేం చోటయ్యా అని అడిగితే నవ్వేవాడు. “మెరక మీద కట్టుకున్నోళ్ళు నీళ్ళ కోసం బిందెలు మోసుకు చస్తన్నారు. మన దగ్గరికి నీళ్ళే నడిచొస్తాయి.”

ఇంట్లో అబ్బులు కాక అతని పెళ్ళాం మంగాయమ్మ, కొడుకు కొండబాబు, కూతురు నూకరత్నం, తల్లి కాసులమ్మ. కాసులమ్మకి తుంటి విరిగి కాళ్ళు పడిపోయాయి. నోరు మాత్రం ఊరంతా తిరిగొచ్చేది. ఇంకా బంగారి అనే గేదె. ఆ ఇంట్లో కాస్త నయం ఎవరంటే ఊళ్ళోవాళ్ళు బంగారి పేరే చెప్పేవాళ్ళు.

నూకరత్నం చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. తరవాత సొంతంగా చదువుకుంది. దేన్ని? పకోడీ పొట్లాల కాగితాల్ని. నూనె మరకల మధ్య ఏముంటే అది గట్టిగా చదివి నాన్నమ్మకి వినిపించేది. సగం వార్త ఆ పొట్లంలో ఉంటే మిగతా సగం ఇంకెవరి పకోడీలతోనో పోయేది. అందుకని లోకంలో జరిగిన ప్రతిదీ ఆమెకి సగం తెలుసు. కాసులమ్మ బోసినోరు తెరిచి వినేది. “మా రత్నానికి తెలీని ముక్క లేదమ్మా” అనేది వచ్చేపోయే వాళ్ళతో. ఆ మాట కోసం నూకరత్నం ఎన్ని ముక్కలకి అర్థాలు కల్పించిందో లెక్కలేదు. ఆ ముసలిదంటే ఆమెకి ప్రాణం.

ఒకరోజు పొద్దున్నే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోనుకి మెసేజి వచ్చింది. నూకరత్నం గొంతు సవరించుకుని చదివింది.

“అల్పపీడనం వాయుగుండంగా మారి తీవ్ర తుఫానుగా బలపడినందున లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను.”

“బలపడిందా! మనకంటే బాగానే తింటందన్నమాట” అన్నాడు కొండబాబు.

“లోతట్టు అంటే?” అంది మంగాయమ్మ.

దానికి అబ్బులే చెప్పాడు. “ఇవతలి తట్టు, అవతలి తట్టు అన్లేదా? అలాగే లో తట్టు. అంటే ఇంటి లోపల తట్టున ఉన్నోళ్ళు. మన నలుగురం. అమ్మ వీధరుగు మీద పడుకుంటది కాబట్టి అమ్మ బయటితట్టు. ఆవిడికి ఏ బెంగా లేదు.”

కాసులమ్మ సంతోషించింది. తుఫాను తనకి వర్తించదని తెలిసిన ముసలిప్రాణం కదా! ఆ సంతోషంలోనే అడిగింది. “మరి అప్రమత్తం అంటే ఏంటే రత్నం?”

అంతే. నాలుగు మొహాలూ నూకరత్నం వైపు తిరిగాయి. తెలీదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాన్నమ్మ బోసినోరు అప్పటికే మెచ్చుకోవడానికి తెరుచుకుని ఉంది. నాలుక వెనక్కి తిరిగింది.

“ఏముందే నాన్నమ్మా, విడదీస్తే తెలిసిపోద్ది. వెనకాల మత్తు ఉంది. ముందున్నదేమో ఉండకూడదని. మత్తు లేకుండా ఉండమని.”

అబ్బులు మొహం వాడిపోయింది. చూరుకి వేలాడుతున్న కల్లుముంత వైపు దిగులుగా చూశాడు. “గవర్నమెంటోళ్ళకి నా ముంత సంగతి ఎవరు మోశారే?”

“ఎవరు మోస్తేనేం? పారబొయ్యి” అంది మంగాయమ్మ.

పారబోయమంటే పారబోశాడు. ఎక్కడ? బంగారి కుడితి తొట్టిలో. ఇంకేముంది! బంగారి ఒక్క గుటకలో తాగేసి, గోడకి ఆనుకుని, అబ్బులు వైపు చుట్టంలా చూసి, కూనిరాగం లాంటిదేదో తీసింది.

“గేదె మత్తులో ఉందే” అన్నాడు కొండబాబు.

“దాని పేర మెసేజి రాలేదుగా” అన్నాడు అబ్బులు. అక్కడితో అప్రమత్తం అయిపోయింది. ఇల్లంతా గుండెల మీద చెయ్యేసుకుని భోజనాలు చేశారు.

మధ్యాహ్నం ఆటో వచ్చింది. పైన మైకు. మైకులో ఎవరో పెద్దమనిషి గొంతు, పెళ్ళిపత్రిక చదివినట్టు: “తీవ్ర తుఫాను రేపు తీరం దాటనుంది. ప్రజలు విలువైన వస్తువులను ఎత్తైన ప్రదేశంలో భద్రపరచుకొనవలెను.”

“తుఫాను తీరం దాటితే మనకేంటి బాబూ? దాని కాళ్ళేమన్నా మేం పట్టుకున్నామా?” అని అడిగాడు అబ్బులు.

ఆటోవాడు తల బయటపెట్టాడు. “నాకేం తెల్సండి. ఇది వేసుకుని తిరగమన్నారు, తిరుగుతున్నాను. మా ఇల్లు ఇక్కడ కాదండి.” ఆటో పోయింది. పెద్దమనిషి గొంతు కూడా దాంతోపాటే పోయింది. ప్రశ్న ఒక్కటే రోడ్డు మీద మిగిలింది.

సరే, విలువైన వస్తువులు ఎత్తైన చోట పెట్టాలి. ఇంట్లో విలువైనదేంటి? ఫోను. ఊళ్ళో ఎత్తైనదేంటి? పెరట్లో కొబ్బరిచెట్టు. కొండబాబు ఫోనుని సంచిలో చుట్టి, నోట కరుచుకుని, చెట్టెక్కి మొవ్వులో కట్టి దిగాడు.

“మరి నేను విలువైన దాన్ని కాదేంట్రా?” అంది కాసులమ్మ అరుగు మీంచి.

అబ్బులు ఆలోచించాడు. అలా ఆలోచించడమే తప్పయిపోయింది. “ఆలోచించాలా? కన్నతల్లి విలువ ఆలోచించి చెప్పాలంట్రా నీకు?” అని ముసల్ది శోకాలు మొదలెట్టింది. ఆ నోటికి భయపడి తండ్రీకొడుకులు ఆవిడని కొబ్బరిచెట్టు దగ్గరికి మోసుకెళ్ళారు. చెట్టు వైపు చూశారు. ఆవిడ వైపు చూశారు. కుదరదనిపించి వెనక్కి మోసుకొచ్చి, ఇంట్లో అటక మీదికి ఎక్కించారు. ఊరగాయ జాడీల పక్కన కాసులమ్మ విలువైన వస్తువులా కూర్చుంది.

కాసేపటికి కొబ్బరిచెట్టు పాడటం మొదలెట్టింది. ఆగింది. మళ్ళీ పాడింది. ఫోనే. చేస్తున్నది ప్రభావతి. ఊరి సచివాలయంలో ఉద్యోగం. ఒకప్పుడు నూకరత్నం పక్క బెంచీయే. ఆరో తరగతి తరవాత తను ముందుకెళ్ళిపోయింది, నూకరత్నం పకోడీ పొట్లాల దగ్గర ఉండిపోయింది. అందుకే ప్రభావతి ఎదురైతే నూకరత్నం ముక్కు ఒకింత పైకి లేచేది.

“ఫోను మోగుతుంది, ఎత్తరా” అంది మంగాయమ్మ.

“ఇంకా ఎత్తడమేంటే అమ్మా? అంతకంటే ఎత్తు ఈ ఊళ్ళో లేదు” అన్నాడు కొండబాబు.

నూకరత్నానికీ అది సబబుగానే తోచింది. చెట్టు పాడి పాడి ఊరుకుంది.

మర్నాడు తెల్లారేసరికి ఆకాశం మసిబారిన మూకుడులా ఉంది. గాలికి ఇసక లేచి మొహాన కొడుతోంది. ఆటో మళ్ళీ వచ్చింది, ఈసారి ఆగకుండా పరుగులు పెడుతూ. “పల్లపు ప్రాంతాల వారు తక్షణమే ఇళ్ళు ఖాళీ చేయవలెను. పుకార్లను నమ్మవద్దు. అధికారిక సమాచారమును మాత్రమే విశ్వసించవలెను.”

“విన్నారుగా! ఖాళీ చేయండి” అన్నాడు అబ్బులు, పంచె ఎగ్గట్టి.

అంతే. మంచాలు వాకిట్లోకి. బియ్యం డబ్బా వాకిట్లోకి. బిందెలు, తట్టలు, చాపలు, దేవుడి పటాలు, రోలు, చివరికి గోడకున్న మేకులు కూడా పీకి వాకిట్లోకి. జోరున వాన. బియ్యం అక్కడికక్కడే నానిపోతున్నాయి. నలుగురూ తడిసి ముద్దయి లోపలికొచ్చి, ఖాళీ ఇంటి మధ్యలో చతికిలబడ్డారు.

“ఇంత ఖాళీగా ఈ ఊళ్ళో ఎవరూ చేసుండరు” అంది మంగాయమ్మ గర్వంగా.

నూకరత్నం చుట్టూ చూసింది. ఏదో తేడాగా అనిపించింది. ఇల్లు ఖాళీ చేయమంటే వాళ్ళూ వెళ్ళిపోవాలేమో అని ఒక్క క్షణం తట్టింది. అడిగితే నాన్న ఏమంటాడో కూడా తట్టింది: నువ్వే అప్రమత్తం చెప్పావు, నీకు తెలీదా? నోరు మూసుకుంది.

అంతలో పైనించి దగ్గు వినిపించింది.

“అమ్మ!” అన్నాడు అబ్బులు. “అటక మీద అమ్మ ఉంటే ఇల్లు ఖాళీ ఎలా అయిద్ది?”

“మనమూ ఉన్నాంగా” అన్నాడు కొండబాబు.

“మనం మనుషులం రా. ఖాళీ చేసేది వస్తువుల్ని. నాన్నమ్మని నిన్న వస్తువుల్లో కలిపేశాంగా.”

“అయితే నేను మనిషిని కాదేంట్రా?” పైనించి కేక.

“మనిషివైతే దిగిరా. విలువైన వస్తువువైతే బయటికెళ్ళాలి. ఏదో ఒకటి తేల్చుకో అమ్మా, అవతల తుఫాను వస్తంది!”

కాసులమ్మ తేల్చుకోలేకపోయింది. విలువ వదులుకోవడం ఎవరికైనా కష్టమే. ఇంకేముంది! ఆవిడని దింపి, వాకిట్లో మంచం మీద పడుకోబెట్టి, పైన టార్పాలిన్ కప్పి, తాడుతో మంచానికి కట్టారు. గాలికి ఎగిరిపోకుండా ఉండటానికట. ఎంత జాగ్రత్త! నూకరత్నం తలుపు దగ్గరే నిలబడిపోయింది. టార్పాలిన్ కిందనుంచి నాన్నమ్మ చెయ్యి ఒక్కటి బయటికొచ్చి ఊగుతోంది.

ఇంతలో పక్కింటి సూరాయమ్మ నెత్తిన మూటతో వీధిలో పరిగెడుతూ కేకేసింది. “ఒరే అబ్బులూ! కాలవ పొంగిందిరా! రండిరా, మెరక మీద బడికి పోదాం!”

“పుకారు” అన్నాడు అబ్బులు.

“ఏంటీ?”

“పుకార్లు నమ్మొద్దన్నారు అత్తా. నువ్వేమన్నా అధికారివా?”

“నీ తెలివి తగలెయ్య!” అని సూరాయమ్మ ఆగకుండా పోయింది. ఆగి నచ్చచెబుదామంటే ఎదురుగా ఉన్నది బుర్రావారు.

మరి కాసేపటికి గుమ్మం దాటి నీళ్ళు లోపలికొచ్చాయి. చల్లగా పాదాలకి తగిలాయి.

“నాన్నా, నీళ్ళు” అంది నూకరత్నం.

“అధికారికంగా చెప్పారా?”

“తడుస్తుంది నాన్నా.”

“తడిస్తే తడవనీ. చెప్పేదాకా నమ్మకు.”

నీళ్ళు చీలమండ దాటాయి. వాకిలి ఇంటికంటే పల్లం. అక్కడ మంచం కోళ్ళు కనిపించడం మానేశాయి. బియ్యం డబ్బా తేలుకుంటూ వెళ్ళిపోయింది. రోలు మునిగింది. దేవుళ్ళు వెల్లకిలా ఈదుతున్నారు. టార్పాలిన్ కిందనుంచి కాసులమ్మ గొంతు: “రత్నం! నా వీపు తడుస్తుందే! ఇది అప్రమత్తమేనంటే?”

నూకరత్నానికి అప్పుడు తెలిసింది. నాన్నమ్మని కట్టింది తాడుతో అనుకున్నారు వీళ్ళంతా. తాడుతో కాదు. ఆ మాటతో కట్టారు. ఆ మాటకి అర్థం చెప్పింది తను. నీళ్ళలోకి దూకి మంచం దగ్గరికెళ్ళి ముడి విప్పబోయింది. తడిసిన ముడి. కొండబాబు వేసిన ముడి. అది విడితే ఆశ్చర్యం.

అప్పుడు వచ్చింది ప్రభావతి. వీధిలో నడుం లోతు నీళ్ళు దాటుకుంటూ, చీరకొంగు బిగించి, చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి. నిన్నటినుంచీ ఫోను చేసి చేసి, వీళ్ళు బడికి రాలేదని చూసి, తిట్టుకుంటూ వచ్చింది.

“ఏం చేస్తున్నారిక్కడ?”

“ఖాళీ చేశామమ్మా, ఆయ్” అన్నాడు అబ్బులు గుమ్మంలో నిలబడి. “అప్రమత్తంగా కూడా ఉన్నాం. నిన్నటినుంచీ చుక్క ముట్టలేదు.”

ప్రభావతి ఆయన మొహం చూసింది. వాకిట్లో తేలుతున్న సంసారం చూసింది. మంచానికి కట్టిన ముసలమ్మని చూసింది. ఆమెకి మాటలు కరువైనాయి. మంచిదే అయింది. మిగిలినవి చిన్నచిన్న మాటలు.

కత్తితో తాడు తెంపింది. “ముసలమ్మని ఎత్తుకోండి.”

అబ్బులు మంగాయమ్మ వైపు తిరిగాడు.

“నన్ను చూస్తావేంటి? నేను ముసల్దాన్నా?” అంది మంగాయమ్మ.

ప్రభావతి వేలు పెట్టి చూపించింది. “కొండబాబూ, నువ్వు. కాసులమ్మ గారిని. వీపు మీద ఎక్కించుకో. బాబాయ్, గేదె తాడు విప్పు. పిన్నీ, రత్నం, నా చెయ్యి పట్టుకోండి. బడికి నడవండి. ఇప్పుడే.”

ఆ మాటల్లో పీడనం లేదు, గుండం లేదు, ఒక్క వలెను లేదు. అంతే, అయిపోయింది! ఎవరి పని వాళ్ళు చేశారు. తాడు విప్పగానే బంగారి ఎవరికోసం చూడకుండా తూలుకుంటూ బడి వైపు ఈదింది. వాళ్ళకంటే ముందే చేరింది.

బళ్ళో జనం కిక్కిరిసి ఉన్నారు. బయట గాలి రంకెలు వేస్తోంది. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఎంతసేపో అలా గడిచాక, కొండబాబు కాళ్ళు వణుకుతుండటం ప్రభావతి కంటబడింది. వాడింకా నిలబడే ఉన్నాడు. కాసులమ్మ వాడి వీపు మీదే ఉంది. అక్కడే నిద్రపోతోంది కూడా.

“ఇంకా దించలేదేంటి?”

“నువ్వు ఎక్కించుకోమన్నావుగా. దించమన్లేదుగా.”

“దించు నాయనా!” అని ప్రభావతి నెత్తి కొట్టుకుంది. దించాడు. వాడి నడుం మాత్రం మళ్ళీ నిలువుగా రావడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం అనుకోకుండా గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. “దాటేసింది!” అని అబ్బులు తలుపు వైపు నడిచాడు.

“ఆగు బాబాయ్. అది తుఫాను కన్ను. మళ్ళీ కొడుతుంది.”

“కన్ను మూసిందంటావా? పాపం, నిన్న బలపడింది, ఇవాళ పోయిందా!” అని కాసులమ్మ ముక్కు చీదింది.

ప్రభావతి లేచింది. తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది. కాసేపటికి అవతలి దిక్కు నుంచి గాలి విరుచుకుపడింది. తలుపు అదిరింది. అబ్బులు కొంచెం వెనక్కి జరిగాడు.

తెల్లారింది. నీళ్ళు తీశాయి. బుర్రావారి ఇల్లు నిలబడే ఉంది, నిజంగానే ఖాళీగా. ఆటో వచ్చి బడి ముందు ఆగింది. ఆ పెద్దమనిషి గొంతుకి తుఫాను ఏమాత్రం తగల్లేదు. “ప్రజలు కాచి చల్లార్చిన నీటిని మాత్రమే త్రాగవలెను. సందేహములున్నచో గ్రామ సచివాలయ సిబ్బందికి ఫోన్ చేయవలెను. అప్రమత్తంగా ఉండవలెను.”

మంగాయమ్మ బిందెలో చెయ్యి ముంచి చూసింది. “ఇవి చల్లగానే ఉన్నాయి. అంటే చల్లార్చేశారు. సగం పని అయిపోయింది” అని ముంచుకోబోయింది. ప్రభావతి వచ్చి బిందె లాక్కుని పొయ్యి మీద పెట్టింది.

అబ్బులు మాత్రం జనం మధ్యలో చేరిపోయాడు. “మా అమ్మ ఎలా బతికిందనుకున్నారు? మా రత్నం వల్ల! అప్రమత్తం అంటే ఏంటో ముందే చెప్పింది కాబట్టి!”

“మా రత్నానికి తెలీని ముక్క లేదమ్మా” అంది కాసులమ్మ, ఒడిలో పులిహోర పెట్టుకుని.

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ అర్థాలు కల్పించింది నూకరత్నం. ఇవాళ అది గొంతులో పులిహోర మెతుకులా అడ్డం పడింది. ముసల్దాని వీపు మీద మంచం నులక అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఈసారి తుఫాను వస్తే మళ్ళీ ఇదే మాట వస్తుంది. నాన్నమ్మ మళ్ళీ తననే అడుగుతుంది. బుర్రావారింట పుట్టి తెలీదు అనడమా! అయినా సరే. నూకరత్నం మనసు గట్టి చేసుకుంది. ఇవాళ అడిగేస్తుంది. తేల్చుకుంటుంది.

ప్రభావతి గరిటెతో పులిహోర వడ్డించుకుంటూ ఆమె ముందుకే వచ్చి ఆగింది. “ఏంటే రత్నం, అలా చూస్తున్నావు? ఏమన్నా అడగాలా?”

“ఆఁ. అప్పుడే కాదు” అంది నూకరత్నం. “ముందు నీ నంబరు చెప్పు.”

“నా నంబరెందుకే? ఎదురుగానే ఉన్నానుగా, అడుగు.”

“అడగమన్లేదు. సందేహముంటే ఫోన్ చేయమన్నారు” అంది నూకరత్నం, ముక్కు ఒకింత పైకెత్తి. నంబరు అరచేతి మీద రాసుకుని, కొంగు నడుముకి దోపుకుని, కొబ్బరిచెట్టు ఎక్కడానికి ఇంటిదారి పట్టింది.